పాత బండికి ఏ చిక్కదనం ఆయిలు పోయాలి?

బండి పాతబడిందంటే ఆయిలు చిక్కగా పోయాలని మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో, సాలూరు నుంచి జయపురం దాకా ఏ షెడ్డులో అడిగినా చెబుతారు. "ఏటీ కాదు బాబూ, ఫిఫ్టీ పోసేయండి, సౌండు తగ్గిపోతాది" అంటాడు మేస్త్రీ. సౌండు తగ్గే మాట నిజమే. సౌండు తగ్గినంత మాత్రాన లోపల అరుగుదల ఆగిందని కాదు. చిక్కటి ఆయిలు కొన్ని పాత ఇంజన్లకి మంచిది, కొన్నిటికి దండగ, ఇంకొన్నిటికి చేటు. మీ బండి ఏ కోవలోదో తేల్చుకోడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఓ పాత గుడ్డ, ఓ నోటుపుస్తకం, కొన్నాళ్ళ ఓపిక ఉంటే చాలు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపున్నవాళ్ళకీ, పైన కోరాపుట్, సెమిలిగుడ, దమన్‌జోడిలో ఉన్నవాళ్ళకీ ఒకే సలహా సరిపోదు. కింద ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటుతుంది. కోరాపుట్ ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ పుష్యమాసం పొద్దుటిపూట పది డిగ్రీలకి దిగువే. దానికి తోడు ఒకే జీపు చీకటితో సెమిలిగుడలో స్టార్టయి, సుంకి ఘాటీ దిగి, మధ్యాహ్నానికి సాలూరు ఎండలో నిలబడుతుంది. సాయంత్రం లోడుతో మళ్ళీ అదే ఘాటీ ఎక్కాలి. ఆయిలు ఎంచేటప్పుడు ఈ తిరుగుడంతా లెక్కలోకి రావాలి.

డబ్బా మీద అంకెలు చదవడం

20డబ్ల్యు-40 అని ఉందనుకోండి. డబ్ల్యు పక్కనున్న మొదటి అంకె చలిలో ఆయిలు ఎలా కదులుతుందో చెబుతుంది. రెండో అంకె వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ఆ చిక్కదనాన్ని సెంటీస్టోక్ అనే కొలతలో చూస్తారు. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంటే ఒక్కో గ్రేడు ఒక అంకె కాదు, ఒక పరిధి. ఒక కంపెనీ 40 పరిధిలో అడుగున ఉండొచ్చు, ఇంకో కంపెనీ 40 పైఅంచున ఉండొచ్చు. "ఈ కంపెనీ ఫార్టీ చిక్కగా ఉంటుంది" అని మేస్త్రీలు అనే మాట వట్టి భ్రమ కాదు.

ఇక్కడ చాలామంది తప్పు దారి పట్టేది మొదటి అంకె దగ్గర. 20డబ్ల్యు-40 మాని 15డబ్ల్యు-40 పోస్తే ఇంజను వేడెక్కాక ఆయిలు నీళ్ళయిపోతుందని భయపడతారు. కాదు. 10డబ్ల్యు-40, 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 మూడూ 100 డిగ్రీల దగ్గర ఒకే పరిధిలో ఉంటాయి. తేడా పొద్దుటి చలిలోనే. మామూలు 15డబ్ల్యు-40 ఆయిలు 40 డిగ్రీల దగ్గర వందకి కాస్త పైన ఉంటే, 100 డిగ్రీలకొచ్చేసరికి 14 చుట్టుపక్కలకి దిగుతుంది. అదే ఆయిలు కోరాపుట్ చలిలో ఎంత చిక్కబడి ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అలాగని మన చలిని మరీ పెద్దది చేసి చూడొద్దు. 20డబ్ల్యు అన్న గుర్తు రావాలంటే సున్నాకి 15 డిగ్రీల దిగువన కూడా ఇంజను తిరగనిచ్చే ఆయిలై ఉండాలి. 15డబ్ల్యు అయితే 20 డిగ్రీల దిగువన. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండ మీదా అంత చలి లేదు. కాబట్టి 20డబ్ల్యు-40 పోసినంత మాత్రాన సెమిలిగుడలో బండి మొరాయించదు. 15 పోస్తే దక్కేది వేరే: బ్యాటరీ వీకుగా ఉన్న రోజున సెల్ఫు తేలిగ్గా తిరుగుతుంది, పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దాకా ఆయిలు త్వరగా చేరుతుంది. అసలు ఇబ్బంది డబ్ల్యు లేని ఒంటి గ్రేడుతో. వట్టి 40 అని రాసున్న ఆయిలుకి చలి హామీ ఏమీ లేదు. పొలం పంపుసెట్టు కోసం కొన్న డబ్బాలో మిగిలింది కదా అని జీపులో పోసేవాళ్ళుంటారు. కింద గుణుపురంలో వైశాఖంలో నడిచిపోతుందేమో గానీ పైన కుందులి సంతకి చీకట్లో బయల్దేరే జీపుకి వద్దు.

ముందు పుస్తకం తియ్యండి

బండితో వచ్చిన పుస్తకంలో ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడు పొయ్యాలో సాధారణంగా ఒక పట్టీ ఉంటుంది. ఒకే గ్రేడు రాసి వదిలేసిన పుస్తకాలు తక్కువ. బయట ఇన్ని డిగ్రీల నుంచి ఇన్ని డిగ్రీల దాకా అయితే ఇది, అంతకు మించితే అది అని గీతలు గీసి ఉంటుంది. మీ ఊరి పొద్దుటి చలినీ మధ్యాహ్నపు ఎండనీ ఆ గీతల మీద పెట్టి చూడండి. రెండూ ఇమిడే గ్రేడే మీ మొదలు. పుస్తకం పోతే, అదే మోడలు ఉన్నవాళ్ళని అడిగి ఫొటో తీసుకోండి. పాత డీజిలు జీపులకీ, ట్రాక్టర్లకీ ఆ పట్టీలో ఎక్కువగా కనిపించేది 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40.

ఇక్కడ "పాత" అన్న మాటకి రెండు తరాలున్నాయి. ప్యూజో ఇంజను మహీంద్రా జీపు, అంబాసిడరు, మారుతీ 800, పాత బుల్లెట్టు ఒక తరం. వీటి బేరింగు సందులు కాస్త వదులుగా ఉంటాయి, 40కో 50కో కట్టినవి. రెండో తరం 2007, 2008 తర్వాత కొన్న బళ్ళు. అవీ ఇప్పుడు పాతవే, రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు నిండినవే. కానీ లోపల సన్నటి ఆయిలు దారులు, ఆయిలు ప్రెషరు మీద నడిచే చైను టెన్షనర్లు, డీజిలైతే టర్బో. 1.3 మల్టీజెట్ రకం డీజిలు ఇంజను కారుని సౌండు వస్తోందని తీసుకెళ్తే 20డబ్ల్యు-50 పోసి పంపే షెడ్లున్నాయి. అది ఆ ఇంజనుకి ద్రోహం. పొద్దున్నే స్టార్టు చెయ్యగానే చైను లాగి పట్టాల్సిన టెన్షనరుకి ఆయిలు ఆలస్యంగా అందుతుంది. అలాంటి బండి 5డబ్ల్యు-30 తాగుతుంటే 5డబ్ల్యు-40 దాకా వెళ్ళొచ్చు, పుస్తకం ఒప్పుకుంటే. అంతకు మించి వద్దు.

ఆయిలు కన్నా ముందు థర్మోస్టాట్

జీపు, పాత లారీ, అంబాసిడరు ఉన్నవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. ఎప్పుడో ఘాటీలో ఇంజను వేడెక్కిందని ఏ మేస్త్రీయో థర్మోస్టాట్ వాల్వు (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటరుకి పోనివ్వని తలుపు) పీకి పారేసి ఉంటాడు. మన వైపు సగం పాత బళ్ళలో అది ఉండదు. రేడియేటరు పైగొట్టం ఇంజను దగ్గర బిగించే మూతకి రెండు బోల్టులుంటాయి, విప్పి చూస్తే తెలుస్తుంది: లోపల స్ప్రింగుతో ఇత్తడి బిళ్ళ లాంటిది కనబడాలి. ఖాళీ బొక్క కనబడితే లేనట్టే.

అది లేకపోతే ఇంజను చలికాలంలో వేడెక్కాల్సినంత వేడెక్కదు. ఆయిలు కూడా అంతే. చల్లటి ఆయిల్లో చేరిన తేమ, కాలని డీజిలు ఆవిరై పోవు, లోపలే ఉండి మడ్డి కడతాయి. అప్పుడు మీరు ఏ గ్రేడు పోసినా అది రాసిన చిక్కదనంలో పనిచెయ్యదు. థర్మోస్టాట్ మళ్ళీ పెట్టించండి, రేడియేటరు కడిగించండి, ఫ్యాను బెల్టు చూడండి. ఘాటీలో వేడెక్కడానికి అసలు కారణం అక్కడే దొరుకుతుంది.

నీళ్ళతో చల్లారే ఇంజను సవ్యంగా ఉంటే బయట ఎండ 42 ఉన్నా, చలి 8 ఉన్నా ఆయిలు వేడి మరీ అంత మారదు, మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. లోడుతో రెండో గేరులో సుంకి ఎక్కేటప్పుడే అంతకు మించేది. గాలితో చల్లారే బైకులు, ఆటోలు, చిన్న పంపుసెట్లు అలా కాదు. వాటి ఆయిలు ఎండని నేరుగా చూస్తుంది. అందుకే ఎండాకాలం గ్రేడు మార్చడమన్న ఆలోచన జీపు కన్నా బైకుకే ఎక్కువ వర్తిస్తుంది.

ఇంజను ఏం చెబుతోందో రాసుకోవడం

ఇది తొందర పడకూడని మెట్టు. ఉన్న ఆయిలు మార్చకముందే మూడు విషయాలు చూడండి.

ఒకటి, ఎంత తాగుతోంది. బండిని సమంగా ఉన్న చోట నిలిపి, ఇంజను ఆపి పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) లాగండి. తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి, తీసి చూడండి. తడి అంచు ఏ గీత దగ్గర ఆగిందో, మీటరెంతో రాసుకోండి. స్ప్లెండరు రకం బైకుల్లో డిప్‌స్టిక్‌ని మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, బిగిస్తే మట్టం తప్పు చూపిస్తుంది. మళ్ళీ అదే చోట, అదే సమయానికి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత చూడండి. మధ్యలో పోసింది ఎంతో కొలిచి పొయ్యండి, డబ్బా వంచి అందాజుగా కాదు. వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరో, అంతకు లోపో అయితే పాత జీపుకి అది లెక్కే కాదు. అర లీటరు దాటితే ఆలోచించాలి. లీటరు దాటితే చిక్కదనం ప్రశ్న దాటిపోయిందన్నమాట.

తాగడం వేరు, కారడం వేరు. రాత్రి బండి కింద అట్టముక్క పరవండి. పొద్దున్నే మరకలు ఎక్కడ పడ్డాయో చూస్తే సంపు (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) ప్యాకింగా, వెనక సీలా, టాపెట్ కవరా అన్నది తేలుతుంది. వంద, రెండొందల రూపాయల ప్యాకింగు మార్చాల్సిన చోట జీవితాంతం చిక్కటి ఆయిలు కొంటూ కూర్చునేవాళ్ళు నాకు తెలుసు.

రెండు, పొగ. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. పెట్రోలు బండిలో ఘాటీ దిగుతూ యాక్సిలరేటరు వదిలేసి, కింద మలుపులో మళ్ళీ తొక్కగానే భక్కున నీలంగా వస్తే వాల్వు సీళ్ళు పోయాయి. లోడుతో ఎక్కుతున్నంతసేపూ నీలంగా వస్తుంటే పిస్టను రింగులో, సిలిండరు బోరో అరిగినట్టు. సైలెన్సరు దగ్గర మీరు చూడలేరు, వెనక బైకు మీద ఎవరినైనా రమ్మనండి. నల్లపొగ ఆయిలుది కాదు, డీజిలుది: ఎయిర్ ఫిల్టరు, నాజిళ్ళు చూపించండి. చలి పొద్దుట కాసేపు తెల్లగా వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. ఎంతకీ పోకుండా రేడియేటరు నీళ్ళు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగు సంగతి చూడాలి. అప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటుంది. అలా కనిపిస్తే ఏ గ్రేడూ పొయ్యకండి, బండి నడపకండి.

ఇంకో చిన్న పరీక్ష: ఇంజను స్లోలో తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి చెయ్యి అడ్డం పెట్టండి. కాస్త గాలి తగలడం మామూలే. పొగ బుసబుసమని కొడుతూ చేతికి చెమ్మ అంటుతుంటే మంట రింగులు దాటి కిందికి వస్తోంది.

మూడు, ప్రెషరు. పాత జీపులకి డాష్ మీద ఆయిలు గేజి ఉంటుంది. పనిచేస్తోందా అన్నది వేరే సంగతి. లేని కార్లకి ఎర్ర లైటు మాత్రమే ఉంటుంది, అది వెలిగేసరికే ప్రెషరు దాదాపు అడుగంటి ఉంటుంది. షెడ్డులో గేజి ఉంటే, లైటు స్విచ్ విప్పి ఆ చోట బిగించి చూడమనండి. చల్లటి ఇంజను మీద చూస్తే లాభం లేదు. ఘాటీ ఎక్కి పైన టీ దుకాణం దగ్గర ఆపేముందు, స్లోలో ఉంచి, ముల్లు ఎక్కడుందో చూడండి. మేస్త్రీలు పాటించే లెక్క, వెయ్యి చుట్లకి పది పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి కేజీల్లో 0.7. స్లోలో అంతకన్నా కాస్త తక్కువున్నా రేస్ చెయ్యగానే ముల్లు వెంటనే లేస్తే కంగారు లేదు. రేస్ చేసినా లేవకపోతే కంగారు పడాలి.

గేజి విషయంలో ఒక మోసం ఉంది. ప్రెషరంటే ఆయిలు పారే వేగం కాదు, దానికి ఎదురయ్యే అడ్డు. చిక్కటి ఆయిలు పోస్తే అడ్డు పెరుగుతుంది, ముల్లు లేస్తుంది, ఓనరు సంతోషిస్తాడు. చలి పొద్దుట ముల్లు ఆ చివరికి కొట్టుకుంటోందంటే పంపు తోడిన ఆయిల్లో కొంత రిలీఫ్ వాల్వు తెరుచుకుని సంపులోకే తిరిగి పోతోందన్నమాట. సరిగ్గా ఆ నిమిషంలోనే పైన రాకర్లు ఎండిపోయి టకటకమంటుంటాయి. ఇంజను ఎక్కువగా అరిగేది అప్పుడే.

ఇప్పుడు నిర్ణయం

తాగుడు తక్కువ, పొగ లేదు, వేడి మీద ప్రెషరు బాగుంది: బండికి ఎన్నేళ్ళయినా, మీటరు ఎన్ని చుట్లు తిరిగినా, పుస్తకం చెప్పిన గ్రేడే. పైన కొండల్లో ఉండేవాళ్ళు 20డబ్ల్యు-40 స్థానంలో 15డబ్ల్యు-40కి రండి. పోయేదేమీ లేదు.

వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు చుట్టుపక్కల తాగుతూ, ఎక్కేటప్పుడు సన్నగా నీలం పొగ ఉంటే: రెండో అంకె ఒక్క మెట్టు పెంచండి. 30 ఉంటే 40, 40 ఉంటే 50. మొదటి అంకె పెంచకండి, వీలైతే తగ్గించండి. 15డబ్ల్యు-40 పోసే జీపుకి 15డబ్ల్యు-50 దొరికితే అదే నయం. బుల్లెట్లకి వాడే ఆయిలుగా అది దుకాణాల్లో కనబడుతుంది గానీ, అది బైకు ఆయిలు. డీజిలు గుర్తు లేకపోతే జీపుకి పొయ్యకండి. అది లేనప్పుడు కింద ఊళ్ళలో 20డబ్ల్యు-50 పర్వాలేదు, పైన చలికాలం నాలుగు నెలలూ మళ్ళీ 15డబ్ల్యు-40కి వచ్చెయ్యండి. పొగ ఇంకొంచెం పెరుగుతుంది, ఓర్చుకోండి.

వేడి మీద ప్రెషరు తక్కువగా ఉంటే, చిక్కటి ఆయిలు ఆఖరి ఆలోచన కావాలి. ముందు మట్టం చూడండి. తర్వాత డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిలు వాసన కొడుతూ మట్టం తగ్గాల్సింది పెరుగుతుంటే పంపు డయాఫ్రమో నాజిలో లీకయి డీజిలు సంపులోకి దిగుతోంది. అలా పల్చబడిన ఆయిలుకి 50 పోసి కప్పిపుచ్చితే బేరింగులు పోతాయి. వాసన లేదు, ఫిల్టరు కొత్తది, గేజి నిజం చెబుతోంది, అయినా తక్కువే ఉందంటే అప్పుడు ఒక మెట్టు పెంచి చూడొచ్చు. దాంతో కుదుటపడితే ఇంజను పనికి డబ్బు కూడేదాకా బండి నడుస్తుంది. ఆయిలుతో కొనుక్కునేది గడువు మాత్రమే.

లీటరు దాటి తాగే ఇంజనుకి 60 గ్రేడు ఉంటుందా అని అడుగుతుంటారు. ఉంటుంది. కానీ ఆ డబ్బుతో కంప్రెషను పరీక్ష (సిలిండరు ఎంత ఒత్తిడి నిలుపుతోందో కొలవడం) చేయించండి. పెట్రోలు ఇంజనైతే ఒకసారి ఊరికే కొలిచి, ప్లగ్గు బొక్కలో చెంచాడు ఆయిలు వేసి మళ్ళీ కొలుస్తారు. రీడింగు లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు. వాల్వు సీళ్ళే అయితే చిన్న ఖర్చుతో పోతుంది. డీజిలు ఇంజను మీద ఈ ఆయిలు చెంచా ప్రయోగం సొంతంగా చెయ్యకండి. దాని దహనగది చాలా ఇరుకు, ద్రవం ఎక్కువైతే పిస్టను కడ్డీ వంగుతుంది.

అంకెలు కుదిరాయి, ఇక అక్షరాలు

మన వైపు దుకాణంలో "మొబిల్ ఇవ్వండి" అంటే చేతికందింది ఇచ్చేస్తారు. గ్రేడు అంకెలతో పాటు ఏపీఐ అక్షరాలూ (ఆయిలు నాణ్యత తరగతిని చెప్పే గుర్తులు) చెప్పి అడగండి. సీ తో మొదలయ్యేవి డీజిలుకి: సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4. ఎస్ తో మొదలయ్యేవి పెట్రోలుకి: ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్, ఎస్‌పీ. రెండూ రాసున్న డబ్బాలూ ఉంటాయి. పాత జీపు పుస్తకంలో సీఎఫ్-4 అని ఉంటే సీఐ-4 పొయ్యొచ్చు, ఇంకా మంచిది. కొత్తది పాతదానికి పనికొస్తుంది, పాతది కొత్తదానికి పనికిరాదు.

అంబాసిడరు పాత పెట్రోలు ఇంజను ఉన్నవాళ్ళకి ఓ ముక్క. అందులో క్యాము (వాల్వుల్ని తెరిపించే కడ్డీ) నేరుగా బల్లపరుపు టాపెట్ల మీద రుద్దుకుంటుంది, ఆ రాపిడికి అడ్డు నిలిచేది ఆయిల్లోని జింకు, ఫాస్ఫరస్. ఎస్‌ఎం నుంచి పెట్రోలు ఆయిళ్ళలో 30, అంతకన్నా పల్చటి గ్రేడులకి ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని హద్దు పెట్టారు, కారు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరు పాడవకుండా. 40, 50 గ్రేడులకి ఆ హద్దు లేదు. అంటే ఎవరో చెప్పారని అంబాసిడరుకి ఖరీదైన 5డబ్ల్యు-30 పోస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. మామూలు 20డబ్ల్యు-40 చాలు, ఎండాకాలం 20డబ్ల్యు-50. 2014లో తయారీ ఆగిపోయిన బండికి క్యాము దొరకడం ఆయిలు దొరికినంత సులువు కాదు.

బైకులకి జాసో (జపాను వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ, లేదా ఎంఏ2 అన్న గుర్తు ఉండాలి. బైకులో ఇంజను, గేరుబాక్సు, క్లచ్చు మూడింటికీ ఒకటే ఆయిలు. కారు ఆయిల్లో జారుడు కోసం కలిపేవి క్లచ్చు ప్లేట్లని జార్చేస్తాయి. ఘాటీలో రేస్ పెరుగుతుంది, బండి కదలదు. గేర్ల పళ్ళ మధ్య పడి నలగడం వల్ల బైకు ఆయిలు చిక్కదనం కారు ఆయిలు కన్నా త్వరగా పడిపోతుంది. ఉండేదే లీటరు లోపు. అందుకని పాత హీరోహోండాకి గ్రేడు గురించి తర్జనభర్జన పడేకన్నా రెండు, రెండున్నర వేల కిలోమీటర్లకోసారి మార్చడం మేలు. కొత్తలో 10డబ్ల్యు-30 చెప్పిన స్ప్లెండరు ఇప్పుడు పొగ కక్కుతుంటే, ఎండాకాలం 20డబ్ల్యు-40 పొయ్యండి.

విడిగా డ్రమ్ములోంచి కొలిచిచ్చే ఆయిలు కొనకండి, అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. డబ్బా మూత కింద సీలు, తయారీ నెల, బ్యాచి నంబరు చూడండి. మూత చుట్టూ గీరినట్టు ఉంటే వెనక్కిచ్చెయ్యండి.

పోసేటప్పుడు

బండి ఓ పది కిలోమీటర్లు తిప్పి, ఆపి, పది నిమిషాలాగి సంపు నట్టు విప్పండి. వేడి మీద మడ్డి ఆయిలుతో పాటు వస్తుంది, మరీ వేడి మీద చెయ్యి కాలుతుంది. బేసినులో పడిన ఆయిల్లోకి టార్చి కొట్టి చూడండి: రాగి రంగు తళుకులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి. నట్టు వాషరు కొత్తది వెయ్యండి, ఫిల్టరు తప్పక మార్చండి.

డీజిలో కిరసనాయిలో పోసి కాసేపు ఇంజను తిప్పి కడిగే పద్ధతి ఇంకా కొన్ని షెడ్లలో ఉంది. పాత ఇంజనుకి ఇది మహా ప్రమాదం. ఏళ్ళ తరబడి పట్టిన మడ్డి ఒక్కసారిగా పెళ్ళలుగా ఊడి సంపు జల్లెడకి అడ్డం పడుతుంది. బేరింగులు ఆ పల్చటి డీజిలు మీదే తిరుగుతాయి. మడ్డి ఎక్కువుంటే, మామూలు సీఐ-4 ఆయిలునే రెండు మూడుసార్లు సగం కిలోమీటర్లకే మార్చండి, నెమ్మదిగా అదే కడుక్కుంటుంది. కొత్త ఆయిలు కొద్ది రోజుల్లోనే నల్లబడితే పాడైందని పారబొయ్యకండి. డీజిలు ఇంజన్లో మసిని ఆయిలు పట్టి ఉంచుతోందని దానర్థం. వేళ్ళ మధ్య రాసి "పల్చబడింది" అని చెప్పేవాళ్ళ మాటా నమ్మకండి, ఎండలో వేడెక్కిన మంచి ఆయిలూ అలాగే అనిపిస్తుంది.

పుస్తకం చెప్పినదానికి అర లీటరు తక్కువ పోసి, ఇంజను ఓ నిమిషం తిప్పి, ఆపి, ఆగి, డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది పొయ్యండి. పై గీత దాటనివ్వకండి. ఎక్కువైతే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి తప్ప ఏముంటుంది!

తీసిన ఆయిలు కాలవలో, పొలం గట్టు మీద పోస్తే ఆ నీళ్ళే మళ్ళీ మన బావిలోకి వస్తాయి. మంచాలకీ తలుపులకీ పుయ్యడం పాత అలవాటే గానీ, వాడిన ఇంజనాయిలు ఒంటికి మంచిది కాదు. డబ్బాల్లో నింపి ఉంచండి. జయపురం, సాలూరు లాంటి చోట్ల పెద్ద షెడ్లకి పాత ఆయిలు కొనేవాళ్ళు వస్తుంటారు, వాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు.

కొత్త గ్రేడు పోశాక మళ్ళీ అదే నోటుపుస్తకం, అదే టీ దుకాణం, అదే ముల్లు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. తాగుడు తగ్గి, మైలేజి పెద్దగా పడకపోతే అదే మీ గ్రేడు. మైలేజి పడిపోయి, పొద్దుటి టకటక ఎక్కువసేపు ఉంటూ, తాగుడు మాత్రం అలాగే ఉంటే ఒక మెట్టు వెనక్కి రండి. బానెట్ లోపల పెయింటుతో గ్రేడు, అక్షరాలు, మార్చిన మీటరు రాసి పెట్టుకోండి. మీరు ఊళ్ళో లేనప్పుడు డ్రైవరు దారిలో అర లీటరు పొయ్యాల్సి వస్తే, ఏ కంపెనీదైనా అదే గ్రేడు వెతికి పోస్తాడు.